కార్డు మారింది, డిస్కులు అవే: ఆరు డిస్కుల రెయిడ్ 5 కేసు

"ఫారిన్ అని చూపించిందండి. క్లియర్ కొట్టి మళ్ళీ క్రియేట్ చేశాను. డీ డ్రైవ్ రావట్లేదండి."

ఫోన్‌లో కుర్రాడి గొంతు వణుకుతోంది. మెషీన్ ఆన్‌లో ఉందా అని అడిగాను. ఉందట. కార్డు సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా నడుస్తోందేమో చూడమన్నాను. "బ్యాక్‌గ్రౌండ్ ఇనిషియలైజేషన్ అని ఉందండి, 6 శాతం." వెంటనే ఆపెయ్యమన్నాను. నేను వచ్చేదాకా ఆ పెట్టెకి కరెంటు ఇవ్వొద్దని, ఇంకెవరి సలహా వినొద్దని చెప్పి ఆ రాత్రే గౌతమి ఎక్కాను.

రాజమహేంద్రవరంలో పెళ్ళి వీడియోలు తీసే ఒక స్టూడియో అది. మాఘమాసం, చేతినిండా పని. 4 టీబీ డిస్కులు ఆరు, రెయిడ్ 5 (డిస్కులన్నిటినీ ఒకే పెద్ద డ్రైవుగా కలిపి, ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా పెట్టే పద్ధతి), వాడుకోడానికి దాదాపు 20 టీబీ. అందులో 14 టీబీ నిండి ఉంది. విండోస్ వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, డీ డ్రైవ్ మొత్తం ఈ ఆరు డిస్కుల మీద. బ్యాకప్ సగం పనులకి ఉంది, సగం పనులకి "చేద్దామనుకున్నాం". కెమెరా కార్డులు మర్నాటి ముహూర్తానికి ఫార్మాట్ అయిపోయాయి.

డిస్కుల్ని అలా కలిపి నడిపే పాత రెయిడ్ కార్డు ఎందుకు పోయిందో చూడగానే తెలిసింది. ఈ కార్డుల్ని సర్వర్ పెట్టెల కోసం తయారు చేస్తారు. అక్కడ ముందు నుంచి వెనక్కి ఫ్యాన్ల గాలి ఎప్పుడూ తోస్తూ ఉంటుంది. ఇక్కడేమో మామూలు టవర్ కేబినెట్, కార్డు పక్కనే గ్రాఫిక్స్ కార్డు, హీట్‌సింక్ మీద వేలెడు దుమ్ము. నాలుగేళ్ళు ఎలా బతికిందా అన్నదే నా ఆశ్చర్యం. ఒక సాయంత్రం ఎడిటింగ్ మధ్యలో డీ డ్రైవ్ మాయమైంది. మళ్ళీ ఆన్ చేస్తే కార్డే కనబడలేదు.

ఇక్కడిదాకా డేటాకి పెద్దగా ఏమీ కాలేదు. డిస్కులు ఆరూ బాగానే ఉన్నాయి. అసలు కథ మరుసటి రోజు మొదలైంది.

స్టూడియోకి సిస్టమ్స్ చూసే కుర్రాడు సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే షాపు నుంచి ఒక వాడిన కార్డు తెప్పించాడు. "అదే కంపెనీ సార్, అదే పోర్టులు" అన్నారట. కంపెనీ అదే, కానీ తరం ఒకటి వెనకది, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) అంతకన్నా పాతది. రెయిడ్ కార్డుల్లో "అదే కంపెనీ" అన్న మాటకి పెద్ద అర్థం లేదు. రెయిడ్ చిప్పులు చేసిన ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొంది, 2016లో అవాగో బ్రాడ్‌కామ్‌ని కొని ఆ పేరే పెట్టుకుంది. అదే ఎల్‌ఎస్‌ఐ చిప్పులతో డెల్ పెర్క్ పేరు మీద, ఐబీఎం సర్వ్‌రెయిడ్ పేరు మీద కార్డులు అమ్మాయి. స్టిక్కర్లు వేరైనా లోపల చుట్టాలు కావచ్చు. ఒకే స్టిక్కర్ ఉన్నా ఒకదాని రాత ఇంకొకదానికి అర్థం కాకపోవచ్చు. చూసుకోవాల్సింది చిప్పు, దాని తరం, ఫర్మ్‌వేర్ వెర్షన్. తరాలు దాటేటప్పుడు పాత కార్డు నుంచి కొత్త కార్డుకి వెళ్ళడం మామూలుగా కుదురుతుంది. కొత్త కార్డు మీద కట్టిన అర్రేని (కలిపిన డిస్కుల గుంపుని) పాత కార్డుకి ఇస్తే అది చదవగలదన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఈ రాత ఏమిటంటే, రెయిడ్ 5 అంటే పేక పంచడం లాంటిది. ఆరుగురు కూర్చున్నారు. ఎవరితో మొదలెట్టాలి, ఒక్కొక్కరికి ఒక్కసారి ఎన్ని ముక్కలు వెయ్యాలి, ప్రతి రౌండులో ఎవరి వంతు వదిలేసి అక్కడ పారిటీ (ఒక డిస్కు పోతే దానిలోది తిరిగి లెక్కకట్టడానికి పనికొచ్చే ముక్క) పెట్టాలి అన్న పద్ధతి కార్డుకి తెలుసు. ఆ పద్ధతిని అది డిస్కుల మీదే, ఎక్కువగా డిస్కు చివర, కొంచెం జాగాలో రాసి పెట్టుకుంటుంది. అందరికీ ఒకే రాత ఉండాలని స్టోరేజ్ కంపెనీల సంఘమైన ఎస్‌ఎన్‌ఐఏ, డీడీఎఫ్ అనే ప్రమాణం తెచ్చింది. అంతమాత్రాన ఒక కంపెనీ కార్డు మీది డిస్కులు తీసి ఇంకో కంపెనీ కార్డుకి తగిలిస్తే పని జరుగుతుందని అనుకోవద్దు. అందులో కంపెనీలు తమ సొంత రాతకి జాగా ఉంచుకున్నాయి. ఆ ప్రమాణం నాకు ఎక్కువగా ఉపయోగపడింది లినక్స్‌లో: అక్కడి ఎండీఏడీఎం అనే పనిముట్టు డీడీఎఫ్ రాతని చదివి ఏ డిస్కు ఎన్నోదో చెప్పగలదు.

మన కుర్రాడు కొత్తగా వచ్చిన ఆ పాత కార్డుకి ఆరు డిస్కులూ తగిలించాడు. ఏ డిస్కు ఏ పోర్టుకి ఉండేదో గుర్తు పెట్టలేదు. ఇప్పటి కార్డులు చాలావాటికి అది పట్టింపు కాదు, డిస్కు మీది రాత చూసి వరుస తెలుసుకుంటాయి. ఆ రాత పోయినప్పుడే ఆ గుర్తు విలువ తెలుస్తుంది. స్క్రీన్ మీద "ఫారిన్ కాన్ఫిగరేషన్" అని వచ్చింది. అంటే వేరే కార్డు కట్టిన అర్రే అని. ఇంపోర్ట్ కొడితే కుదరదంది. మిగిలింది క్లియర్.

ఆ మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం. "క్లియర్" అంటే ఆ మెసేజ్‌ని తుడిచేయడం అనుకుంటారు జనం. తుడిచేది మెసేజ్‌ని కాదు, ఆరు డిస్కుల చివర ఉన్న ఆ పద్ధతిని. ఇంపోర్ట్ కాకపోతే చెయ్యాల్సింది ఒకటే, డిస్కులు ఊడదీసి పక్కన పెట్టడం.

కుర్రాడు భయపడి ఒక స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఆయన చెప్పిన చిట్కా నిజానికి ఉన్నదే: పాత కాన్ఫిగరేషన్ తీసేసి, అచ్చంగా అదే అర్రేని మళ్ళీ కట్టి, ఇనిషియలైజ్ చెయ్యకుండా (కొత్తదానిలా సిద్ధం చేస్తూ దాని మీద ఏమీ రాయనివ్వకుండా) వదిలేస్తే డేటా తిరిగి కనబడుతుంది. నేను కూడా రెండుసార్లు చేశాను, కాపీలు తీసుకున్నాక. కానీ "అచ్చంగా అదే" అన్నచోటే అంతా ఉంది. డిస్కుల వరుస, స్ట్రిప్ సైజు (ఒక్కో డిస్కుకి ఒక్కసారి వేసే ముక్క సైజు), మొదలయ్యే చోటు, మొత్తం సైజు, పారిటీ తిరిగే తీరు, ఇందులో ఒక్కటి తేడా వచ్చినా డ్రైవ్ తెరుచుకోదు. కుర్రాడు కట్టిన దాంట్లో వరుస తప్పు. పాతది 64 కేబీ స్ట్రిప్ అయితే, కొత్త కార్డు ఇచ్చిన 256 కేబీని అలాగే ఉంచేశాడు. "ఫాస్ట్ ఇనిషియలైజ్ చెయ్యాలా?" అంటే ఎస్ కొట్టాడు. విండోస్ లేచాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "డిస్కుని ఇనిషియలైజ్ చెయ్యాలి" అని వస్తే మాత్రం క్యాన్సిల్ కొట్టాడు. ఆ లోపు కార్డు తన పని తాను మొదలెట్టింది: కొత్త అర్రేకి పారిటీ సరిచూసి రాయడం. నేను ఫోన్ ఎత్తే సమయానికి 6 శాతం. ఒక్కో డిస్కులో దాదాపు 240 జీబీ మేర అది నడిచి వెళ్ళింది.

రైల్లో నిద్ర పట్టలేదు. 240 జీబీ ఆరు డిస్కుల్లో అంటే 1.4 టీబీ పైనే. అందులో ఆరో వంతు చోట కార్డు తప్పు వరుసతో లెక్కకట్టిన పారిటీ రాసేసి ఉంటుంది. పాత లెక్కలో ఆ చోట్లలో ఎక్కువ భాగం వీడియోలే. ఖమ్మం దాటాక కాబోలు, ఫోన్‌లో నోట్స్ తెరిచి ఊరికే లెక్క వేస్తుంటే ఒక సంగతి తట్టింది. తట్టాక కూడా రెండు మూడుసార్లు మళ్ళీ వేసుకున్నాను.

రెయిడ్ 5లో పారిటీ అంటే మిగతా డిస్కుల ఎక్సార్ (బిట్టుకి బిట్టు పోల్చి, తేడా ఉన్నచోట 1, లేనిచోట 0 వేసే లెక్క). చిన్న లెక్క చూడండి. మూడు డిస్కులు, ఒకదానిలో 5, ఇంకోదానిలో 3. వాటి ఎక్సార్ 6, అదే పారిటీ. ఇప్పుడు ఎవరో వరుస తారుమారు చేసి, 3 ఉన్న డిస్కునే పారిటీ అనుకుని లెక్క కట్టారనుకోండి. 5, 6 ల ఎక్సార్ ఎంత? 3. అంటే అక్కడ ఉన్నదాని మీద అదే రాస్తారు. 5 ఉన్నచోట లెక్క కట్టినా 5 వస్తుంది. ఏ రెండు తీసుకున్నా మూడోది వస్తుంది, ఎవరు డేటా ఎవరు పారిటీ అన్నది ఎక్సార్‌కి తెలియదు, అక్కర్లేదు. ఆరు డిస్కులైనా అంతే. స్ట్రిప్ 64 అయినా 256 అయినా అంతే, ఎందుకంటే లెక్క నడిచేది ఆరు డిస్కుల్లో ఒకే చోట ఉన్న బైట్ల మధ్య.

అంటే ఆ 6 శాతం పరుగులో కార్డు చేసింది, ఉన్నదాని మీద ఉన్నదే రాయడం. దీనికి మూడు షరతులు ఉన్నాయి. ఆరు డిస్కులూ పాత అర్రేవే అయ్యుండాలి, ఒక్కటీ ముందే పక్కకి పడిపోయి పాతబడిన డిస్కు కాకూడదు. రెండు కార్డుల్లో ఏదైనా, ఆరు డిస్కుల్లోనూ డేటాని ఒకే చోట మొదలుపెట్టి ఉండాలి. పాత కార్డు చనిపోయేటప్పటికి పారిటీ సరిగ్గా ఉండాలి. ఈ మూడింటిలో మొదటిది కుర్రాడి మాటని బట్టి నిజమే అనిపించింది. రెండోది చూస్తేగానీ తెలియదు. మూడోదే గుండెల్లో రాయి.

ఇది రెయిడ్ 6 అయ్యుంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. అక్కడ రెండో పారిటీ లెక్కలో ఏ డిస్కు ఎన్నోదన్నది కూడా కలుస్తుంది. వరుస మారితే ఫలితం మారుతుంది, ఆ మారినది పోయి డేటా మీద కూర్చుంటుంది. ఒక డిస్కు ఎక్కువ పోయినా తట్టుకునే రెయిడ్ 6, ఈ ఒక్క తప్పుని మాత్రం తట్టుకోలేదు.

స్టూడియోకి చేరాక మొదటి పని మార్కర్‌తో డిస్కుల మీద 1 నుంచి 6 వేసి, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోవడం. రెయిడ్ కార్డు ఊసే ఎత్తలేదు. నా వెంట తెచ్చుకున్న హెచ్‌బీఏ అనే మామూలు డిస్కు కార్డుకి తగిలించాను. అది డిస్కుని డిస్కుగానే చూపిస్తుంది, తన తెలివితేటలు ఉపయోగించదు. ఆరు డిస్కుల్నీ చదవడానికి మాత్రమే తెరిచి, డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో ఒక్కోదానికి పూర్తి ఇమేజ్ (ఉన్నది ఉన్నట్టు నకలు) తీశాను. కాపీలు పెట్టడానికి కొత్త డిస్కులు కొనాల్సి వచ్చింది. ఓనరు గారు ఆ ఖర్చు విని ముఖం చిట్లించారు. "డేటా వస్తుందో రాదో తెలియకుండానే ఇంత పెట్టాలా అండి?" రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళడానికైనా ఈ అసలు డిస్కులు ఇలాగే ఉండాలి కదా అన్నాను. పెట్టారు.

ఆరూ ఒకేసారి నడిపితే రాత్రికి మొదలెట్టింది మర్నాడు ఉదయానికి అయింది. అయిదు డిస్కులు శుభ్రంగా వచ్చాయి. ఆరోదానిలో కొన్ని సెక్టార్లు చదవలేదు, కలిపి 100 కేబీ కూడా లేదు. మిగతా అయిదింటి ఎక్సార్‌తో వాటిని పూరించుకోవచ్చు కాబట్టి దాని గురించి పెద్దగా బెంగపడలేదు.

తర్వాత పాత వరుస కనిపెట్టాలి. ఇందులో విండోస్ డిస్కు మీద ఫైళ్ళని అమర్చే పద్ధతి, ఎన్‌టీఎఫ్‌ఎస్, మనకి చుట్టం. దాని ఫైళ్ళ పట్టికలో ప్రతి ఫైలుకీ 1 కేబీ రికార్డు ఉంటుంది. ప్రతి రికార్డు మొదట్లో ఇంగ్లిష్‌లో "ఫైల్" అనే నాలుగక్షరాలు, లోపల ఆ రికార్డు నంబరు ఉంటాయి. ఈ నంబర్లు వరుసగా వెళ్తాయి. ఒక ఇమేజ్‌లో ఆ పట్టిక ఉన్న చోటు పట్టుకుని నంబర్లు చదువుకుంటూ వెళ్ళాను. 64 రికార్డులు వరుసగా వచ్చి, తర్వాత ఒక్కసారి దూకాయి. అంటే స్ట్రిప్ 64 కేబీ. దూకిన తర్వాతి నంబరు ఏ డిస్కులో ఉందో వెతికితే పక్క డిస్కు తెలుస్తుంది, అలా ఒక రౌండు.

ఇక్కడ అరగంట బుర్ర తిన్న విషయం ఒకటుంది. పారిటీ ముక్కలో చెత్త కనబడుతుందని, దాన్ని బట్టి పారిటీ ఎక్కడుందో తేలిగ్గా తెలిసిపోతుందని అనుకున్నాను. ఆరు డిస్కుల్లోనూ "ఫైల్" అనే కనబడుతోంది! తర్వాత నవ్వొచ్చింది. డేటా ముక్కలు అయిదు, బేసి సంఖ్య. ఒకే మాటని అయిదుసార్లు ఎక్సార్ చేస్తే అదే మాట మిగులుతుంది. పారిటీ కూడా పైకి అచ్చం పట్టికలాగే ఉంది, లోపలి నంబర్లు మాత్రం పొంతన లేకుండా ఉన్నాయి, ఒకచోట పక్క డిస్కులో ఉన్న నంబర్లే మళ్ళీ కనబడ్డాయి. సంతకం ఒక్కటే చూసి నిర్ణయించే వాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. నంబర్లతో పది రౌండ్లు కాగితం మీద వేశాక వరుస తేలింది: పారిటీ ప్రతి రౌండుకీ ఒక డిస్కు వెనక్కి జరుగుతోంది, దాని తర్వాతి డిస్కు నుంచి డేటా మొదలవుతోంది. లినక్స్ వాళ్ళు లెఫ్ట్ సిమెట్రిక్ అనే తీరు అదే. కుర్రాడు పెట్టిన వరుసలో రెండు డిస్కులు తారుమారు, అంతే తేడా.

ఇమేజ్‌ల మీద కూడా నేరుగా ఏమీ రాయలేదు. ప్రతిదాని మీద లినక్స్‌లోని డీఎంసెటప్‌తో ఒక స్నాప్‌షాట్ పొర వేశాను. రాసిందంతా ఆ పొరలోకి పోతుంది, కింద ఉన్నది చెక్కుచెదరదు. ఆ పొరల మీద ఎండీఏడీఎంతో అర్రే కట్టాను, పారిటీ తిరగరాయొద్దని చెప్పి. మొదటిసారి ఏమీ రాలేదు. తప్పు నాదే. ఎండీఏడీఎం మామూలుగా వాడే 1.2 రకం రాత డిస్కు మొదట్లో కూర్చుని డేటాని కొంత లోపలికి జరుపుతుంది. మనకి కావాల్సింది 1.0, అది చివర కూర్చుంటుంది. పొర ఉంది కాబట్టి పారేసి ఇంకోటి వేసుకున్నాను. ఇదే తప్పు అసలు డిస్కుల మీద చేసి ఉంటే, కుర్రాడికీ నాకూ తేడా ఏముంది?

రెండోసారి అర్రే లేచింది కానీ పార్టిషన్ లేదు. ఇది ఊహించిందే. ఫాస్ట్ ఇనిషియలైజ్ అర్రే మొదట్లోను చివరలోను కొన్ని ఎంబీల మేర సున్నాలు రాస్తుంది. ఒక్కో డిస్కు మొదట్లో ఒకటిన్నర ఎంబీకి కాస్త అటూ ఇటూగా సున్నాలే. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే జీపీటీ పట్టిక అక్కడే ఉంటుంది, దాని నకలు చివర ఉంటుంది, రెండూ పోయాయి. కానీ ఆ కాలపు విండోస్ సర్వర్ జీపీటీ డిస్కులో మొదట 128 ఎంబీ జాగా తన కోసం పక్కన పెట్టుకుంటుంది. అందులో ఏమీ ఉండదు. అసలు పార్టిషన్ మొదలయ్యేది 264192వ సెక్టార్ దగ్గర, అంటే 129 ఎంబీ దాటాక. సున్నాలు పడింది ఆ ఖాళీ వరండాలో, ఇంట్లో కాదు. 264192ని సెక్టారుకి 512 బైట్ల చొప్పున గుణించి, 135266304 బైట్ల దగ్గర నుంచి తెరవమంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్ అక్కడే నిక్షేపంగా ఉంది. చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను. ఫోల్డర్లన్నీ వచ్చాయి, పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, తేదీ.

కుర్రాడు "హమ్మయ్య" అన్నాడు. ఫోల్డర్ కనబడటం వేరు, లోపల వీడియో ఆడటం వేరు అని చెప్పి వాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

మూడో షరతు మిగిలే ఉంది. పాత కార్డులో 1 జీబీ క్యాష్ (డిస్కులకి రాసేముందు తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) ఉంది. కరెంటు పోయినా అందులోది నిలిచేలా బ్యాటరీ ఉండాలి. ఆ బ్యాటరీ ఉబ్బిపోతే రెండేళ్ళ కిందట తీసేశారట. బ్యాటరీ లేకపోతే కార్డు తనంతట తాను నేరుగా డిస్కు మీద రాసే పద్ధతికి మారుతుంది, వేగం పడిపోతుంది. ఎడిటింగ్ నత్తనడక నడుస్తోందని ఎవరో వచ్చి, బ్యాటరీ లేకపోయినా క్యాష్ వాడేలా బలవంతంగా పెట్టి వెళ్ళారు. వేగం వచ్చింది, అందరూ సంతోషించారు. కార్డు చచ్చిన క్షణంలో క్యాష్‌లో ఉండి డిస్కులకి చేరనిదంతా దాంతోపాటే పోయింది. డేటా ముక్క డిస్కుకి చేరి దాని పారిటీ చేరని రౌండ్లు, పారిటీ చేరి డేటా చేరనివి కొన్ని మిగిలాయి. బ్యాటరీ బాగున్నా, క్యాష్‌లో రాయాల్సినది మిగిలి ఉండగా డిస్కులు తీసి ఇంకో కార్డుకి తగిలిస్తే ఇదే పరిస్థితి. అందుకే కార్డు బతికుండగా మార్చేటప్పుడు మెషీన్‌ని మర్యాదగా షట్‌డౌన్ చేసి, క్యాష్ ఖాళీ అయిందో లేదో చూసి అప్పుడు తీయాలి.

ఆరు ఇమేజ్‌లనీ పూర్తిగా ఎక్సార్ చేసి చూశాను. పొంతన ఉన్న రౌండు సున్నా ఇస్తుంది. ఆ పరుగు చేరని 94 శాతంలో కొన్ని వందల రౌండ్లు సున్నా ఇవ్వలేదు, దాదాపు అన్నీ చివరి సాయంత్రం ఎడిటింగ్ జరిగిన ఫోల్డర్ చుట్టూనే. అక్కడ కనీసం ఏది తేడాగా ఉందో తెలుస్తోంది, పారిటీని పక్కన పెట్టి డేటా ముక్కల్ని ఉన్నవి ఉన్నట్టు చదువుకోవచ్చు. పరుగు వెళ్ళిన 6 శాతంలో అన్నీ సున్నాలే, అంతా బాగున్నట్టే. అదే అసలు చిక్కు. అక్కడ ముందే పొంతన లేని రౌండు ఏదైనా ఉండి ఉంటే, కార్డు తప్పు చోట లెక్క కట్టి, పారిటీకి బదులు ఒక డేటా ముక్క మీద రాసేసి ఉంటుంది. పైగా ఆ గుర్తు కూడా మిగల్చలేదు. ఏ ఫైలు పాడైందో లెక్కతో తేలదు, కూర్చుని ఆడించి చూడాల్సిందే.

స్టూడియో వాళ్ళు నలుగురు వంతులు వేసుకుని మూడు రోజులు చూశారు. 14 టీబీలో పాడైనవి 11 క్లిప్పులు, రెండు ప్రాజెక్టు ఫైళ్ళు. ప్రాజెక్టు ఫైళ్ళకి ఎడిటర్ లాప్‌టాప్‌లో ముందురోజు కాపీలు దొరికాయి.

ఆ సెటప్‌లో మళ్ళీ హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు పెట్టనివ్వలేదు నేను. ఈ సైజు స్టూడియోకి హెచ్‌బీఏ పెట్టి లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ చాలు, పెట్టె కాలిపోతే డిస్కులు ఏ పెట్టెకి తగిలించినా లేస్తాయి. కార్డే కావాలనే చోట్ల నేనిప్పుడు అడిగేది, అదే మోడల్, అదే ఫర్మ్‌వేర్‌తో ఇంకో కార్డు బీరువాలో ఉందా అని. కాన్ఫిగరేషన్ ఫైలుని బయటికి తీసి, స్ట్రిప్ సైజు, వరుస కనబడేలా స్క్రీన్ ఫొటో తీసి వేరేచోట పెట్టమంటాను. కార్డు మార్చే రోజున ముందు ఒక పనికిరాని డిస్కుల జతతో చిన్న అర్రే కట్టి, దాన్ని పాత కార్డు నుంచి కొత్తదానికి మార్చి చూస్తాను. అది లేస్తేనే అసలువి. పాత కార్డు చచ్చిపోయి ఉంటే ఆ అవకాశమూ ఉండదు, అప్పుడు ఇమేజ్‌లు తీయకుండా కొత్త కార్డుకి తగిలించను. ఓనర్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

ఆ 11 క్లిప్పుల్లో పది, డ్రోన్ షాట్లు, భోజనాల బంతి లాంటివి. పదకొండోది అప్పగింతలు. సగం దాకా బాగా ఆడి, సరిగ్గా తండ్రి చెయ్యి ముందుకి చాచినచోట గళ్ళు గళ్ళుగా అయిపోయింది. ఓనరు గారు పెళ్ళివారికి ఫోన్ చేసి నిజమే చెప్పారు. పెళ్ళికూతురి మేనత్త ఫోన్‌లో, నిలువుగా తీసిన వీడియో ఒకటి ఉందట. ఆ ముక్క అక్కడ అతికించారు.